పచ్చ పట్టీ పొడవెంత? ఆల్జీబ్రా టైల్స్ సెట్ల సమీక్ష

బీజగణితాన్ని చేత్తో పేర్చి నేర్చుకునే రంగు ముక్కలే ఆల్జీబ్రా టైల్స్. వాటి సెట్ చేతికి రాగానే పాఠం మొదలుపెట్టకండి, ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పొడవాటి ఆకుపచ్చ పట్టీ ఒకటి తీసి, దాని అంచు వెంబడి పసుపు చిన్న బిళ్లల్ని వరసగా ఆనించండి. నాలుగో బిళ్ల దగ్గరో ఐదో బిళ్ల దగ్గరో వరస పట్టీతో సరిసమానంగా ముగిసిందా, ఆ సెట్‌ను తిరిగి పంపేయొచ్చు. చివరి బిళ్ల కాస్త బయటికి పొడుచుకొచ్చినా, కాస్త జాగా మిగిలినా అప్పుడు మిగతా సంగతులు చూడొచ్చు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ పట్టీయే చరరాశి. దాని విలువ మనకు తెలియదు, లెక్కను బట్టి మారుతుంది. పట్టీ సరిగ్గా ఐదు బిళ్లల పొడవుంటే నేర్చుకునేవాళ్లు మొదటి పది నిమిషాల్లోనే కొలిచేసి ‘ఓహో, ఇది ఐదన్నమాట’ అని తేల్చేసుకుంటారు. ఆ తర్వాత పట్టీ తీసేసి ఐదు బిళ్లలు పెట్టడం, ఐదు బిళ్లలు తీసేసి పట్టీ పెట్టడం మొదలవుతుంది. చరరాశి అన్న ఆలోచన అక్కడితో సరి. పొడవు తెగకపోతే మాత్రం కొలవబోయినవాళ్లకు ‘నాలుగు కంటే ఎక్కువ, ఐదు కంటే తక్కువ, ఇంతని చెప్పలేం’ అన్న జవాబు వస్తుంది. మనకు కావలసింది ఆ ‘చెప్పలేం’ అన్న మాటే.

మిగతా కొలతలు మాత్రం అతికినట్టు కలవాలి. పట్టీ వెడల్పు చిన్న బిళ్ల భుజంతో సమానం, పెద్ద బిళ్ల భుజం పట్టీ పొడవుతో సమానం. పది పట్టీల్ని పక్కపక్కన పేర్చి, పది చిన్న బిళ్లల వరసతో పోల్చి చూడండి. ఒక్కో ముక్కలో పావు మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. పది ముక్కలు చేరేసరికి అది రెండున్నర మిల్లీమీటర్లవుతుంది, పేర్చిన చదరం మూల మూసుకోదు. అలాంటప్పుడు తప్పు లెక్కలో ఉందో ప్లాస్టిక్‌లో ఉందో నేర్చుకునేవాళ్లకు తెలియదు.

పెట్టెలో ఏముంటాయి

ఏ సెట్‌లోనైనా తప్పకుండా ఉండేవి మూడు రకాలు: చిన్న చదరపు బిళ్ల, పొడవాటి పట్టీ, పెద్ద చదరపు బిళ్ల. చిన్నది 1, పట్టీ చరరాశి, పెద్ద బిళ్ల చరరాశి వర్గం. ఎక్కువ సెట్లలో చిన్నది పసుపు, పట్టీ ఆకుపచ్చ, పెద్దది నీలం. వెనకవైపు మూడూ ఎరుపే. ఎరుపు అంటే రుణ గుర్తు. కొన్ని సెట్లలో రెండో చరరాశికి ఇంకో పొడవు పట్టీలు, రెండు చరరాశుల లబ్ధానికి దీర్ఘచతురస్రాలు కూడా ఇస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అవి అక్కర్లేదు. ముక్కలు కలిసిపోయి గందరగోళం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఈ సమీక్షలో చరరాశిని ‘య’ అని రాస్తున్నాం. ఇది ఊరికే పెట్టుకున్న అక్షరం కాదు. పాత భారతీయ బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అనేవారు, ఎంతైతే అంత అని. రాతలో దాన్ని ‘యా’ అని కుదించేవారు. తెలియని రాశి ఇంకోటి వస్తే దానికి కాలకం, అంటే నలుపు. ఆపైన నీలకం, నీలం. ఇలా రంగుల పేర్లే పెట్టేవారు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన బీజగణితంలో కనిపించేదీ ఈ పద్ధతే. తెలియని సంఖ్యకు రంగు పూయాలన్న ఆలోచన టైల్స్ తయారుచేసేవాళ్లకు కొత్తగా తట్టిందేం కాదు.

ఎన్ని ముక్కలు కావాలి? మొదటి స్థాయి లెక్కల్లో ముక్కలు ఎక్కువ పట్టేది (య + 5) వర్గం. దానికి పెద్ద బిళ్ల ఒకటి, పట్టీలు పది, చిన్న బిళ్లలు పాతిక కావాలి. (2య + 3)(య + 2) లాంటి లబ్ధానికి పెద్ద బిళ్లలు రెండు చాలు, పట్టీలు ఏడు, చిన్నవి ఆరు. ఈ లెక్కన ఒక మనిషికి పెద్దవి నాలుగు, పట్టీలు పది నుంచి పన్నెండు, చిన్నవి పాతిక నుంచి ముప్పై ఉంటే ఏ లెక్కా మధ్యలో ఆగదు. మొత్తం ముక్కల సంఖ్య చూసి మోసపోకండి. పెద్ద బిళ్లలు ఎక్కువా, చిన్నవి తక్కువా ఉన్న సెట్ పెట్టె మీద అంకె ఘనంగానే కనిపిస్తుంది, లెక్క చేసేటప్పుడు మాత్రం బిళ్లలు చాలవు. ఒకే సెట్‌ను ఇద్దరు పంచుకోవడమూ వద్దు. ఒకరు చేస్తుంటే రెండోవాళ్లు చూస్తూ కూర్చుంటారు, చేతికి పని లేనప్పుడు ఈ సామాను ఉండీ లేనట్టే.

మెటీరియల్ సంగతి ఒక్క మాటలో: ఫోమ్ బిళ్లలు చప్పుడు చేయవు, జారవు, కానీ అంచులు త్వరగా నలుగుతాయి. గట్టి ప్లాస్టిక్ కొలతలో నిలకడగా ఉంటుంది, నున్నటి బల్ల మీద మాత్రం జారుతుంది. కింద ఒక గుడ్డో కాగితమో పరిస్తే సరిపోతుంది. అయస్కాంతం ఉన్నవి బోర్డు మీద పదిమందికి చూపించడానికి బాగుంటాయి. అయితే చాలావాటికి రెండో వైపు వాడుకునే వీలుండదు. తిరగేయడం కుదరని టైల్ సగం టైల్ కిందే లెక్క.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా కనిపించనివాళ్లు ఉంటారు. ఈ సెట్లలో పట్టీకి ముందు ఆకుపచ్చ, వెనక ఎరుపు, అంటే ధన రుణాల తేడా సరిగ్గా ఆ రెండు రంగుల మీదే ఆధారపడి ఉంది. చెరగని మార్కర్‌తో ప్రతి ఎరుపు వైపూ ఒక అడ్డగీత గీసేయండి. పావుగంట పని, చూపులో ఏ ఇబ్బందీ లేనివాళ్లకూ అది పనికొస్తుంది.

అసలు పనికొచ్చేది ఎక్కడ

సజాతి పదాలు కలపడంలో టైల్స్‌కు సాటి వచ్చేది తక్కువ. 3య + 2 అని రాస్తే 5య అనేయడం కొత్తవాళ్లందరూ చేసే తప్పే. బల్ల మీద మూడు పట్టీలు, రెండు చిన్న బిళ్లలు పెట్టి ‘ఐదు ఏమిటి?’ అని అడగండి. ఐదు ముక్కలున్న మాట నిజమే, కానీ ఐదు పట్టీలు లేవు. సజాతి అనే మాటకు అర్థం అక్కడ తెలుస్తుంది: ఒకే ఆకారం, ఒకే కొలత ఉన్నవాటినే ఒకే లెక్కలో చెప్పగలం. గుణకం అంటే అలాంటివి ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె.

దీన్ని సంఖ్యతో సరిచూసుకునేటప్పుడు ఒక మోసం ఉంది. య స్థానంలో 1 పెడితే 3య + 2 కూడా 5, 5య కూడా 5. తప్పు దర్జాగా తప్పించుకుపోతుంది! 4 పెట్టి చూడండి: ఒకవైపు 14, ఇంకోవైపు 20. అలాగే య² అన్నా 2య అన్నా ఒకటేనని పొరబడ్డవాళ్లు 2 పెట్టి చూస్తే రెండూ 4 వచ్చి, తప్పుకు ముద్ర పడుతుంది. పెద్ద బిళ్ల ఒకటి, పట్టీలు రెండు పక్కపక్కన పెడితే అవి వేరని కంటికే తెలుస్తుంది. సరిచూడటానికి 0, 1, 2 వద్దు, 3 దాటిన సంఖ్యేదైనా తీసుకోండి.

రుణ పదాలు వచ్చినప్పుడు సున్నా జతలు వాడాలి. ఒక పసుపు, ఒక ఎరుపు కలిస్తే సున్నా, రెండూ బల్ల మీంచి తీసేయొచ్చు. 3య + 2 + య − 5 అనే సమాసం (సమాన గుర్తు లేని బీజీయ రాశి) తీసుకుందాం. పట్టీలు నాలుగు, పసుపు బిళ్లలు రెండు, ఎరుపువి ఐదు. రెండు జతలు పోతాయి, మూడు ఎరుపు బిళ్లలు మిగులుతాయి. జవాబు 4య − 3. సంకలన విలోమం అనే పేరు తర్వాత చెప్పొచ్చు, చేతికి ముందే తెలిసిపోతుంది.

తీసివేత దగ్గర ఈ జతల అసలు బలం బయటపడుతుంది. (3య − 2) − (య − 5) చేయాలి. బల్ల మీద మూడు పట్టీలు, రెండు ఎరుపు బిళ్లలు ఉన్నాయి. వాటిలోంచి ఒక పట్టీని, ఐదు ఎరుపు బిళ్లల్ని తీసేయాలి. పట్టీ తీశాం. ఎరుపు బిళ్లలేమో రెండే ఉన్నాయి, ఐదు ఎక్కణ్నుంచి వస్తాయి? మూడు సున్నా జతలు తెచ్చి పెట్టండి, విలువ మారదు. ఇప్పుడు ఎరుపువి ఐదయ్యాయి, తీసేయండి. మూడు పసుపువి మిగిలాయి. జవాబు 2య + 3. ‘బ్రాకెట్ ముందు రుణ గుర్తుంటే లోపలి గుర్తులన్నీ మారతాయి’ అన్న సూత్రం ఎక్కణ్నుంచి వచ్చిందో ఇక్కడ చూసినవాళ్లు 2య − 7 అని రాయరు. మొదటి పదం గుర్తు మార్చి రెండోదాన్ని వదిలేస్తే వచ్చే జవాబు అదే, పరీక్ష కాగితాల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. జతలతో రెండు మూడు లెక్కలు చేశాక దగ్గరదారి చూపించొచ్చు: తీసేయాల్సిన గుంపు మొత్తాన్ని, ప్రతి ముక్కనూ తిరగేసి కలిపేయడం.

న్యాయాల సంగతికి వస్తే, స్థిత్యంతర (వరస మార్చినా ఫలితం మారదు), సహచర (ఎలా గుంపు చేసినా మారదు) న్యాయాలకు టైల్స్ పెద్దగా కలిపేదేమీ లేదు. ముక్కల్ని ఎటు జరిపినా మొత్తం మారదని ఎవరైనా ఒప్పుకుంటారు. చూపించాల్సింది ఒక్కటే, తీసివేతకు స్థిత్యంతరం లేదని: య − 7కు ఒక పచ్చ పట్టీ, ఏడు ఎరుపు బిళ్లలు; 7 − యకు ఏడు పసుపు బిళ్లలు, ఒక ఎరుపు పట్టీ. ప్రతి ముక్కా తిరగబడింది. ఒకటో రెండో నిమిషాలు చాలు, ముందుకు పోవచ్చు.

బ్రాకెట్ బయటి సంఖ్య లోపలి ప్రతి పదాన్నీ గుణిస్తుందన్న విభాగ న్యాయం దగ్గర మాత్రం ఎంతసేపు కూర్చున్నా దండగ కాదు. 3(య + 2) అంటే ఒక పట్టీ, రెండు బిళ్లలు ఉన్న వరస, అలాంటివి మూడు. మూడు వరసలు ఒకదాని కింద ఒకటి పేర్చగానే మూడు పట్టీలు, ఆరు బిళ్లలు. 3య + 2 అని రాసినవాళ్లను రెండో వరసలోని బిళ్లలు ఏమయ్యాయని అడిగితే చాలు.

ఇక (య + 3) వర్గం. య² + 9 అని రాయడం బీజగణితమంత పాత తప్పు. టైల్స్‌తో ఇలా చేయండి. పెద్ద బిళ్లను ఎడమ పైమూలలో పెట్టండి. దాని కుడివైపు మూడు పట్టీలు నిలువుగా ఆనించండి. కింద మూడు పట్టీలు అడ్డంగా ఆనించండి. కుడి కిందిమూలలో ఖాళీ మిగులుతుంది, అందులో మూడు వరసల మూళ్లు, తొమ్మిది చిన్న బిళ్లలు అతుకుతాయి. నాలుగు వైపులా సమానమైన చదరం తయారైంది: య² + 6య + 9. ఇప్పుడు ఆరు పట్టీల్ని మెల్లగా తీసేయండి. ఒక మూల పెద్ద బిళ్ల, ఎదురుమూల తొమ్మిది చిన్నవి, మధ్యలో రెండు ఖాళీ గదులు. య² + 9 అంటే ఆ బొమ్మ. సంఖ్యతో చూసుకున్నా అంతే: య = 4 అయితే 7 వర్గం 49, తప్పు జవాబు 25. తేడా 24, ఆరు పట్టీల విలువ కూడా 24. ఈ ఒక్క బొమ్మ కోసమైనా సెట్ తెచ్చుకోవచ్చు.

ఇదే బొమ్మను వెనక్కి తిప్పితే కారణాంక విభజన, అంటే సమాసాన్ని లబ్ధంగా విడదీయడం. య² + 5య + 6లోని ముక్కలన్నిటితో దీర్ఘచతురస్రం కట్టాలి. ఆరు చిన్న బిళ్లల్ని ఒకే వరసగా పేరిస్తే ఏడు పట్టీలు కావాల్సొస్తాయి, ఉన్నవి ఐదు. రెండు వరసల మూళ్లుగా పేరిస్తే సరిగ్గా ఐదు పడతాయి. భుజాలు య + 2, య + 3. చిన్న బిళ్లలు మూడే ఉంటే ఎలా పేర్చినా దీర్ఘచతురస్రం రాదు, య² + 5య + 3 పూర్ణాంకాలతో విడిపోదని చేతికే తెలుస్తుంది.

వర్గం పూర్తిచేయడం కూడా ఈ సామానుతోనే అవుతుంది. 9వ శతాబ్దంలో బాగ్దాద్ గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ ఈ పనిని బొమ్మ గీసి చేశాడు. ఆయన పేరుపొందిన ఉదాహరణ య² + 10య = 39. పది పట్టీల్ని ఐదూ ఐదుగా పెద్ద బిళ్లకు రెండు పక్కలా ఆనిస్తే మూలలో పాతిక బిళ్లలు పట్టే ఖాళీ మిగులుతుంది. అటూ ఇటూ 25 కలిపితే కుడివైపు 64, చదరం భుజం 8, య విలువ 3. కుడివైపు 39 బిళ్లలు పేర్చాలని చూడకండి, అంకె కాగితం మీద రాసుకుంటే చాలు. ధనవిలువ ఒక్కటే చూపించగల బొమ్మ ఇది. −13 కూడా జవాబేనని బొమ్మ చెప్పదు, −8 వర్గం కూడా 64 అవుతుందని మనం గుర్తుచేయాలి.

సమీకరణాల మ్యాట్

చాలా సెట్లతో మధ్యలో గీత ఉన్న మ్యాట్ ఒకటి వస్తుంది. రాకపోతే తెల్లకాగితం మీద నిలువుగీత గీసుకోండి. ఆ గీతే సమాన గుర్తు. సమాసం చేసేటప్పుడు మ్యాట్ తీసేయండి, సమీకరణం వచ్చినప్పుడే పరచండి. సమాసాన్ని సూక్ష్మీకరిస్తాం, సమీకరణాన్ని సాధిస్తాం. ఈ తేడా మాటల్లో చెబితే నిలవదు, మ్యాట్ ఉందా లేదా అన్నది గుర్తుండిపోతుంది.

సమాన గుర్తు ‘జవాబు ఇదిగో’ అని చెప్పే గుర్తు కాదు. 3 + 4 = 7 × 2 = 14 అని గొలుసుగా రాసేసేది అలా అనుకోవడం వల్లే. 1557లో వేల్స్ గణితవేత్త రాబర్ట్ రికార్డ్ ఆ గుర్తుకు రెండు సమాంతర రేఖలు ఎంచుకున్నది వాటికంటే సమానమైనవి మరి రెండు ఉండవని. మ్యాట్ మీద గీతకు అటూ ఇటూ ఉన్నవాటి విలువ ఒకటేనన్న మాట ప్రతి అడుగులోనూ నిలవాలి.

3య + 2 = య + 8 చేద్దాం. ఎడమవైపు మూడు పట్టీలు, రెండు బిళ్లలు. కుడివైపు ఒక పట్టీ, ఎనిమిది బిళ్లలు. రెండువైపులా ఒక్కో పట్టీ తీశాం: 2య + 2 = 8. రెండువైపులా రెండేసి బిళ్లలు తీశాం: 2య = 6. రెండు పట్టీల్ని విడదీసి ఒక్కోదానికి మూడేసి బిళ్లలు పంచాం: య = 3. మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే అటు 11, ఇటు 11. ప్రతి అడుగుకూ కాగితం మీద ఒక వరస రాయించండి. ముక్కలు జరిపి, చివర జవాబు మాత్రమే రాసినవాళ్లు టైల్స్ తీసేసిన రోజు మళ్లీ మొదటికొస్తారు.

మాకు గట్టిగా అభ్యంతరం ఉన్నది ఒకటుంది. సెట్లతో వచ్చే కొన్ని కరపత్రాల్లో ‘ముక్కను గీత దాటించి తిరగేయండి’ అని ఉంటుంది. పక్షాంతరం అంటే అదేగా అనొచ్చు. నిజమే, కానీ అది ఫలితం, కారణం కాదు. 2య − 3 = 5లో మూడు ఎరుపు బిళ్లల్ని గీత దాటించి పసుపు చేస్తే జవాబు వచ్చేస్తుంది, ఎందుకో తెలియదు. అలా నేర్చినవాళ్లే తర్వాత 2య = 8 దగ్గర 2ను కూడా దాటించి గుర్తు మార్చి, య = 8 − 2 అని 6 రాస్తారు. దానికి బదులు రెండువైపులా మూడేసి పసుపు బిళ్లలు పెట్టండి. ఎడమవైపు మూడు సున్నా జతలయ్యాయి, తీసేయండి. 2య = 8, య = 4. ఒక్క అడుగు ఎక్కువ, అంతే. ఈ దారి ఇరవై లెక్కల్లో అలవాటయ్యాక పక్షాంతరం దానంతటదే వస్తుంది.

జవాబు లేని సమీకరణాలు చూపించడానికీ మ్యాట్ భలేగా ఉంటుంది. 2(య + 1) = 2య + 3లో రెండువైపులా రెండేసి పట్టీలు తీసేస్తే ఇటు రెండు బిళ్లలు, అటు మూడు మిగులుతాయి. య ఏదైనా ఇవి సమానం కావు. కుడివైపు 2య + 2 ఉంటే, తీసేస్తూ పోతే మ్యాట్ మొత్తం ఖాళీ అవుతుంది, అది సర్వసమీకరణం, య ఏదైనా సరే. నియమంగా బట్టీ పెట్టినవాళ్లు ఈ రెంటినీ తారుమారు చేస్తారు, ఖాళీ మ్యాట్ చూసినవాళ్లు చేయరు.

ఎరుపు వైపు చిక్కులు

ఎరుపు పట్టీ రుణసంఖ్య కాదు. ఇది ముందే చెప్పకపోతే తర్వాత సరిదిద్దడం కష్టం. అది −య, అంటే యకు వ్యతిరేకం, అంతే. −య = 4 అనే లెక్కలో ఎడమవైపు ఎరుపు పట్టీ, కుడివైపు నాలుగు పసుపు బిళ్లలు. మ్యాట్ మీద ఉన్నదంతా తిరగేస్తే పచ్చ పట్టీ, నాలుగు ఎరుపు బిళ్లలు: య = −4. అంటే పచ్చ పట్టీ విలువ రుణం, ఎరుపు పట్టీ విలువ ధనం! పచ్చ అంటే ధనం అని నేర్పిన చోట ఈ లెక్క పిడుగులా పడుతుంది. చిన్న బిళ్లలకు రంగే గుర్తు. పట్టీలకు రంగు కేవలం ‘ఇటువైపు, అటువైపు’ అని మొదటిరోజే చెప్పేయండి.

మ్యాట్‌ను తక్కెడతో పోల్చే అలవాటు కూడా ఇక్కడే బెసుకుతుంది. ఎరుపు బిళ్ల బరువెంత? సున్నా కంటే తక్కువ బరువున్న వస్తువు తక్కెడలో వేయలేం. తక్కెడ పోలిక మొదటి నాలుగు లెక్కల వరకు, ఎరుపు రాగానే దాన్ని వదిలేయాలి.

(య − 2)(య − 3) లాంటి లబ్ధాలు పేర్చొచ్చు: పెద్ద బిళ్ల ఒకటి, ఎరుపు పట్టీలు ఐదు, మూలలో పసుపు బిళ్లలు ఆరు. జవాబు య² − 5య + 6 సరైనదే. కానీ మూల బిళ్లలు పసుపు ఎందుకయ్యాయి? టైల్స్ దీనికి జవాబు చెప్పవు. రుణం, రుణం గుణిస్తే ధనం అని మనకు ముందే తెలుసు గనక పసుపు పెట్టాం. బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పిన నియమం అది. కారణం కావాలంటే విభాగ న్యాయం దగ్గరకే వెళ్లాలి. 3 + (−3) సున్నా గనక, (−2)తో గుణించినా సున్నాయే. విడదీస్తే (−2) × 3 అనేది −6, దానికి (−2) × (−3) కలిపితే సున్నా రావాలి. అందుకే అది 6. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాయించి అప్పుడు బిళ్లలు పేర్పించండి, ఈ క్రమం తారుమారు చేయకండి.

తెరమీద టైల్స్

బ్రౌజర్‌లో ఉచితంగా పనిచేసేవి కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి పట్టీ పొడవును మార్చే మీట ఉంటుంది. దాన్ని జరిపితే బల్ల మీదున్న పట్టీలన్నీ, పెద్ద బిళ్లలతో సహా ఒకేసారి సాగుతాయి, కుంచించుకుంటాయి. చరరాశి అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపించేది లేదు, ప్లాస్టిక్ సెట్ ఎంత మంచిదైనా ఈ పని చేయలేదు. లోపం ఏమిటంటే, కొన్నింట్లో పసుపు, ఎరుపు తగలగానే జత దానంతటదే మాయమైపోతుంది. నేర్చుకునేవాళ్లు చేయాల్సిన పనిని సాఫ్ట్‌వేర్ చేసేసిందన్నమాట. ఆ సౌకర్యాన్ని ఆపే వీలుందో లేదో ముందు చూసుకోండి. ఫోన్ తెర మీద చిన్న బిళ్లలు వేలికి దొరకవు, టాబ్లెట్ కంటే చిన్నదైతే వద్దు.

అట్టతో చేసుకుంటే

పొడవు పరీక్షలో ఓడిపోయిన సెట్ కంటే అట్టముక్కలు నయం. ఎ4 అట్ట ఒకటి చాలు. చిన్న బిళ్ల 2 సెంటీమీటర్ల చదరం, పట్టీ 2 × 7.3, పెద్ద బిళ్ల 7.3 × 7.3. 7.3ను 2తో భాగిస్తే పూర్ణసంఖ్య రాదు, అందుకే ఆ అంకె. అట్టను నిలువుగా పెట్టి ఎడమ పైమూల నుంచి పెద్ద బిళ్లలు రెండేసి చొప్పున రెండు వరసలు గీయండి, 14.6 సెంటీమీటర్ల చదరం అవుతుంది. దాని కుడిపక్కన మిగిలిన 6.4 సెంటీమీటర్లలో పట్టీలు నిలువుగా మూడేసి, రెండు వరసలు, మొత్తం ఆరు. కింద ఎడమవైపు ఇంకో నాలుగు పట్టీలు, వాటి కుడిపక్కన ఆరేసి చొప్పున మూడు వరసల చిన్న బిళ్లలు, పద్దెనిమిది. అట్ట అడుగున పదేసి చొప్పున ఇంకో మూడు వరసలు పడతాయి. మొత్తం పెద్దవి నాలుగు, పట్టీలు పది, చిన్నవి నలభై ఎనిమిది. కత్తిరించకముందే అట్ట వెనకంతా ఎరుపు పెన్సిల్‌తో రుద్దేయండి, ముక్కలయ్యాక రంగు వేయడం చచ్చేంత పని. కత్తెర కంటే స్కేలు ఆనించి బ్లేడుతో కోస్తే అంచులు తిన్నగా వస్తాయి, ఆ పని మాత్రం పెద్దవాళ్లు చేయాలి.

కొన్న సెట్ అయినా, కోసుకున్నదైనా 3య = 7 దగ్గర ఆగిపోతుంది. మూడు పట్టీలకు ఏడు బిళ్లలు పంచితే ఒక్కోదానికి రెండు వచ్చి ఒకటి మిగులుతుంది, బిళ్లను మూడు ముక్కలు చేయలేం. పెట్టె మూసి, 7/3 అని కాగితం మీద రాయాల్సిన చోటు అది.